జర సేపు

1959 ఎండాకాలం. ఆలేరు స్టేషన్‌లో సైదమ్మ రైలు దిగింది. కొంగు చాటున కొడవలి ఉంది.

బట్టల మూట పక్కన పెట్టుకుని ఒకామె బెంచీ మీద కూర్చుని ఉంది.

"అక్కా, బియ్యం మిల్లు ఏ దిక్కు?"

"ఎవరు కావాలె?"

"మిల్లుల పనిచేసే భిక్షపతి. నా మొగడు. ఈడ ఇంకోదాన్ని ఉంచుకున్నడట. మా ఊరాయన కండ్లార చూసొచ్చి చెప్పిండు."

ఆమె ముఖం మారలేదు. జరిగి జాగా ఇచ్చింది.

"కూసో చెల్లె. నీళ్లు తాగు."

"కూసునేటందుకు రాలే. దాన్ని నరికి జైలుకు పోత."

"పిల్లలున్నరా?"

"ఒక్క బిడ్డ. మా అవ్వకాడ ఉంది."

"నువ్వు జైలుకు పోతే బిడ్డనెవరు చూస్తరు?"

సైదమ్మ బెంచీ మీద కూలబడింది. ఏడ్చింది. తిట్టింది. మళ్లీ ఏడ్చింది. ఆమె సైదమ్మ వీపు నిమురుతూనే ఉంది.

"నీకేం అక్కా, సల్లగ ఉన్నవు. నా తలకాయ మండుతాంది."

"నేను దవాఖానల ఆయాను. మా డాక్టరమ్మ చెప్తది, మెదడుల కోపం ముందు పుడ్తదట, ఆలోచన ఎనుక వస్తదట. కొందరికి జల్ది వస్తది, కొందరికి ఆలస్యమైతది. అది వచ్చేదాక జర సేపు ఆగాలె."

"నీకు కోపమే రాదా?"

"ఎందుకు రాదు? బయటికి కనవడదు. నా తీరే గంత."

ఆమె చెయ్యి చాపింది.

"కొడవలి ఇటియ్యి."

సైదమ్మ ఇచ్చేసింది. ఎందుకిచ్చిందో తనకే తెలియదు.

"నీ సంగతి ఆమెకు తెలవదేమో చెల్లె."

"ఎట్ల తెలవదు? దానికి సిగ్గుంటే గద!"

ఆమె లేచి, మిల్లు దారి చూపించింది.

మిల్లు వెనక పెంకుటింటి గడపలో భిక్షపతి తల పట్టుకుని ఏడుస్తున్నాడు. పెండ్లాన్ని చూసినా లేవలేదు.

"సైదమ్మా, మోసపోయిన."

"నిన్నెవరు మోసం చేసిన్రు?"

"జానమ్మ. ఇంటికాడ నాకు పెండ్లాం, బిడ్డ ఉన్నరని పొద్దుగాల ఎవరో చెప్పిన్రట. తిట్టలే. కంట నీళ్లు పెట్టలే. అన్నం వండిపెట్టి, బట్టలు మూటగట్టుకొని స్టేషన్‌కు పోయింది. రాతిగుండె దానిది."

సైదమ్మ వచ్చిన దారినే ఉరికింది.

ఇందాక తన వీపు నిమిరిన జానమ్మను ఎక్కించుకుని, కాజీపేట బండి అప్పటికే వెళ్లిపోయింది.