నక్షత్రాల జాలీ

మాస్టారు మేడ దగ్గరికి వెళ్లేసరికే గునపాలు దిగాయి.

గేటు స్తంభం ఒకటి నేలమీద ముక్కలై ఉంది. ఎర్ర చార, తెల్ల చార, మళ్లీ ఎర్ర చార. కాలేజీలో చరిత్ర చెప్పే మాస్టారికి ఒళ్లు మండిపోయింది. ఈ మేడను కాపాడాలని ఆయన ఎక్కని గుమ్మం లేదు, పట్టుకోని కాలు లేదు. చివరికి కోర్టులోనూ ఓడిపోయాడు. మేడ కొన్నదెవరో ఊళ్లో ఎవరికీ తెలియదు. వ్యవహారమంతా ఒక లాయరే నడిపించాడు.

పని ఆపమని మేస్త్రితో గొంతు పోయేలా అరిచాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

అంతలో ఒక కారు వచ్చి ఆగింది. డెబ్బై ఏళ్లు దాటిన పెద్దావిడ చేతికర్రతో దిగింది. కూలిన స్తంభాన్ని చూడగానే ఆవిడ మొహం కందగడ్డలా అయింది. నేరుగా మేస్త్రి దగ్గరికి నడిచింది.

"ఎవర్నడిగి చెయ్యి పెట్టావు దీనిమీద?"

మేస్త్రి తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. కూలీలంతా గునపాలు కిందికి దించారు.

మాస్టారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. తాను ఇన్నాళ్లు మొత్తుకున్నా జరగని పని ఈవిడ ఒక్క గద్దింపుతో జరిగింది. ఎవరో గట్టి పలుకుబడి ఉన్న మనిషి అనుకున్నాడు. దగ్గరికి వెళ్లి దణ్ణం పెట్టి, తానెవరో చెప్పుకున్నాడు. ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి లోపలికి దారితీసింది. ఆయన వెంటే నడిచాడు.

నడుస్తూనే మేడ కథ ఎత్తుకున్నాడు. ఒక పంచదార వ్యాపారి ఓడెక్కి దేశాలు తిరిగాడు. ఎక్కడో మూరులనే ముస్లిం పాలకుల రాజభవనాలు చూసి మతి పోగొట్టుకున్నాడు. బొమ్మలు గీయించుకొచ్చి, అచ్చం అలాంటిదే ఇక్కడ లేపాడు. గుర్రపు లాడంలా వంగిన కమానులు, తేనెపట్టులా చెక్కిన సున్నపు కప్పు, నడిమి వాకిట్లో రంగు పలకల ఫౌంటెన్. ఫౌంటెన్ ఎండిపోయి, దాన్నిండా ఆకులున్నాయి. ఆవిడ దేనివైపూ తల తిప్పలేదు. కర్ర ఆనించుకుంటూ మెట్లెక్కింది.

పైన వసారాకి గోడ లేదు. గోడ ఉండాల్సిన చోట ఈ చివర నుంచి ఆ చివరి దాకా చెక్క జాలీ. జాలీ నిండా నక్షత్రాల ఆకారపు కన్నాలు. వాటిలోంచి కింద వీధి కనిపిస్తోంది.

"పెళ్లాం వీధి చూడాలి, వీధి మాత్రం ఆమెను చూడకూడదు. అందుకని చేయించాడండీ," అన్నాడు మాస్టారు. "అంత ప్రేమ ఆయనకి."

ఆవిడ గిర్రున తిరిగింది.

"ప్రేమా?"

ఆ ఒక్క మాటకే మాస్టారు వెనక్కి తగ్గాడు. ఆ పెళ్లాం మా నాయనమ్మే అంది ఆవిడ. కొత్త కోడలుగా గడప దాటి లోపలికొచ్చింది, మళ్లీ శవంగానే దాటింది అంది. ఈ వసారా తలుపుకి గడియ బయటివైపే ఉండేదనీ, అది తీయాలంటే మగవాళ్ల అనుమతి కావాలనీ చెప్పింది.

మాస్టారు మాట మార్చాలని జాలీ దగ్గరికి వెళ్లాడు. ఒక మనిషి చేతులకు అందే ఎత్తులో కన్నాల అంచులు అరిగి నున్నగా మెరుస్తున్నాయి. ఆ మెరుపును ఆయన ఏటా తన విద్యార్థులకు చూపించేవాడు, చూడండి పాతకాలం చెక్క అంటే ఇదీ అని. ఇప్పుడూ అదే అనబోయాడు.

"అవి మా పిన్ని వేళ్లు," అంది ఆవిడ.

తర్వాత ఆవిడ గొంతు పెంచలేదు. పంటి బిగువునే చెప్పుకుపోయింది.

"వంటింట్లో నిప్పంటుకుంది. మగాళ్లంతా బయటికి పరిగెత్తారు. ఈ గడియ ఒక్కడికీ గుర్తు రాలేదు. నాకప్పుడు పదేళ్లు. అదిగో, ఆ రోడ్డుమీద నిలబడి చూస్తున్నాను. ఈ కన్నాల్లోంచి మొదట పిన్ని వేళ్లు కనిపించాయి. తర్వాత పొగే కనిపించింది."

కర్రతో జాలీని ఒకసారి తట్టింది.

"మర్నాడు పేపర్లో ఏం రాశారో తెలుసా? అదృష్టవశాత్తూ కప్పు చెక్కుచెదరలేదు అని."

ఆ వార్త మాస్టారికి తెలుసు. తన వ్యాసంలో ఎత్తి రాసుకున్నాడు కూడా. అందులో పిన్ని ఊసే లేదు. ఆయన తల కొట్టేసినట్టయింది. ఆ వెంటనే పొద్దుటి కోపం రెట్టింపై తన్నుకొచ్చింది.

"అందుకేనమ్మా ఇది నిలబడాలి. మీ పిన్ని పేరు ఇక్కడే రాయిద్దాం. కూల్చేస్తే ఆవిడ ఉందన్న గుర్తు కూడా మిగలదు. కొన్నవాడెవడో, మొహం చూపించే దమ్ము లేక లాయరు చాటున నక్కాడు."

"నిజమే," అంది ఆవిడ. "మొహం చూపించాల్సింది."

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మేస్త్రి గునపం పట్టుకుని, బెదురుతూ వచ్చి గుమ్మం దగ్గర ఆగాడు.

"తప్పయిపోయిందమ్మా. మావాళ్లు తొందరపడ్డారు. గేటు దగ్గరే ఆపించేశాను, ఈ జాలీని ఎవరూ ముట్టుకోలేదు."

మాస్టారు గెలిచినవాడిలా రొమ్ము విరుచుకుని, ఏమంటావిప్పుడు అన్నట్టు మేస్త్రి వంక చూశాడు.

"మొదటి దెబ్బ నాదని లాయరుగారి చేత చెప్పించాను కదా," అని, ఆ మేడ కొన్న పెద్దావిడ కర్ర పక్కన పడేసి, మేస్త్రి చేతిలోంచి గునపం అందుకుంది.