వాకిట్లో బండి

"బండి సందు చివర పెట్టొస్తా" అన్నాడు తిప్పేస్వామి, తాళంచెవి చేతిలో ఆడిస్తూ.

"ఏం, మన వాకిలి చేదైందా?" అతని భార్య కదిరమ్మ పిండి చేతులతోనే బయటికి వచ్చింది. "ఈడనే పెట్టు. వచ్చేవాళ్లు దీన్ని దాటుకునే లోపలికి రావల్ల."

"చెప్పులు ఇడిసేదానికి కూడా తావుండదు మే."

"చేత్తో పట్టుకొని రానీ."

తిప్పేస్వామి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఆ గొంతు వినిపించిందంటే మాట్లాడి లాభం లేదని అతనికి తెలుసు. కదిరమ్మ బకెట్టుతో నీళ్లు తెచ్చి బండి తుడవడం మొదలుపెట్టింది. ముందు అద్దం, పక్క రేకులు, వెనక తలుపు, ఒక్కటీ వదల్లేదు. తలుపు తీసి, లోపల రాలిన బొరుగులు చీపురుతో ఊడ్చింది.

అంత పౌరుషమూ వంటింట్లోకి రాగానే నీరుగారిపోయింది. మొదటి ఓళిగ పెనం మీదే చిరిగి పూర్ణం బయటికొచ్చింది.

ఇంట్లో చేసిన పిండివంటలు అమ్మాలని ఆమెకు చాలాకాలంగా ఆశ. అందుకే ఈ సాయంత్రం వీధిలో ఆడవాళ్లందరినీ పిలిచింది. రుచి చూస్తారు. నచ్చితే సీమంతాలకీ పెళ్లిళ్లకీ చెబుతారు. రుచి చూస్తే కదా! భయమంతా ఆ ఒక్క మాట దగ్గరే.

"ముక్కుతో గాలి బాగా పీల్చి, మెల్లగా వదులక్కా. బెదురు పోతాదంట. ఫోన్లో ఒకామె చెప్పింది" అంది సాయానికొచ్చిన పక్కింటి అనీసా.

"నేను గాలి పీలిస్తే వాళ్లు నోరు తెరుస్తారా?"

అనీసా నవ్వింది. గొంతు తగ్గించి, "పోనీ, అన్నీ మా ఇంటికి మోసుకొని పోదాం. నేనే చేసినా అంటా. ఎగబడి తింటారు" అంది.

"తింటారు. నాకు తెలీదా?" కదిరమ్మ అట్లకాడ పక్కన పడేసింది. "నా ఓళిగ నా ఇంట్లోనే తినల్ల. నా చేత్తో పెడితేనే తినల్ల. లేకుంటే ఈ యాపారమే వద్దు."

"సరే, బొరుగుల ఉగ్గానన్నా చెయ్యి. ఉగ్గాని లేకుండా మన పక్క నలుగురిని పిలుస్తారా?"

"బొరుగులు మాత్రం ఈ ఇంట్లో వండను."

అనీసా ఇంకో ఉండ తీసుకుని ఒత్తసాగింది.

ఎండ కాస్త తగ్గాక ఆడవాళ్లు వచ్చారు. బండి దగ్గరికి రాగానే కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, గోడకు ఒరుసుకుంటూ దాటారు. చాపల మీద సర్దుకున్నారు. కదిరమ్మ తనే పళ్లేలు పెట్టింది. వేడి ఓళిగలు, పైన నెయ్యి, పక్కన కరకరలాడే కారం నిప్పట్లు, శెనక్కాయల పొడి.

"ఏం వాసనమ్మా!" అన్నారు. వాసన దగ్గరే ఆగిపోయారు. పళ్లేలు ఒడిలో పెట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నాకీ దినం ఒక్కపొద్దు" అంది రామాంజనేయులు భార్య.

"బుధవారం ఏం ఒక్కపొద్దక్కా?" అంది కదిరమ్మ.

"కొత్తగా పట్టినాలే."

"నాకు షుగరు" అంది ఇంకొకామె.

"నిప్పట్లలో షుగరేముంది?"

"నూనె కూడా పడదు."

"అట్ల కాదు కదిరమ్మా, కట్టియ్యి. ఇంటికి పోయి తింటాం" అంది మూడో ఆమె, తీర్పు చెప్పినట్టు.

"కట్టియ్యను. కట్టిస్తే యాడికి పోతాయో నాకు తెలుసు. ఈది చివర కుక్కలు ఇప్పటికే బలిసినాయి."

కదిరమ్మ వంటింటి గడప మీద, నెయ్యి గిన్నె పట్టుకుని, అలాగే నిలబడింది. తినేదాకా కదిలేది లేదన్నట్టు.

అప్పుడు మోగింది తిప్పేస్వామి ఫోను.

హాల్లో గాజుల చప్పుడు కూడా ఆగింది. అతను వాకిట్లో నిలబడి విన్నాడు. "ఆ... ఎప్పుడన్నా?... సరే, వస్తాండా."

ఇద్దరు ఆడవాళ్లు లేవబోయారు.

"కూచోండే. యాడికి?" అంది మూల నుంచి భద్రమ్మ. పెద్దావిడ. వచ్చినప్పటి నుంచి ఆమె నోరు విప్పడం అదే మొదలు. "తిప్పేస్వామీ, ఒట్టి కడుపుతో బండెక్కొద్దు. ఇట్ల రా."

తన పళ్లెంలో ఓళిగను రెండుగా తుంచింది. ఒక సగం అతని చేతిలో పెట్టింది. రెండో సగం తన నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలింది.

"మా ఆయన్ని అనంతపురం నుంచి ఇంటికి తెచ్చింది ఈ బండే" అంది, ఎవరి వైపూ చూడకుండా. "దావంతా గుంతలు. ఒక్క తావన్నా ఆయన్ని కుదపలేదు ఈ పిల్లోడు. ఇంటికి చేర్చినాక మంచినీళ్లు గూడా అడగలే. ఇచ్చేదానికి మనకూ తోచలే."

తర్వాత పళ్లెం ముందుకు జరిపింది. "నెయ్యి ఇంగో రవ్వ ఎయ్యి కదిరమ్మా. ఇంత పిసినారితనమైతే నీ దగ్గర ఎవరు కొంటారే?"

ఎక్కడో ఒక నిప్పట్టు పటుక్కుమంది. ఆ వెంటే ఇంకొకటి. రామాంజనేయులు భార్య అటూ ఇటూ చూసి ఓళిగ తుంచింది.

"ఒక్కపొద్దు ఏమాయక్కా?"

"ఇడిసిపెడితి లేవే. ఎయ్యి."

కదిరమ్మ నెయ్యి వేసింది. ఈసారి గిన్నె వంచేసింది.

తిప్పేస్వామి చెయ్యి కడుక్కుని బండి తీశాడు. ఆడవాళ్లు నములుతూనే తలలు తిప్పి చూశారు. వీధి మలుపులో, కదిరమ్మ రుద్ది రుద్ది తుడిచిన వెనక తలుపు మీద, 'వైకుంఠ రథం' అన్న అక్షరాలు ఎండకు మెరిశాయి.