అక్కుపల్లి కుక్కపిల్ల

గేటు బయట ఎవరో ఆడమనిషి గొంతుకూర్చుని, గేటు కింద సందును జానతో కొలుస్తోంది.

"ఎవలు నువ్వు? ఏటి సేత్తన్నావు అక్కడ?" కేకేసింది మగ్దలీన.

"బేబినక్కా. మాది అక్కుపల్లి. కుక్కపిల్లని తెత్తానని బావ సెప్పనేదేటి? ఈ సందులోంచి దూరి రోడ్డు మీదకి ఎలిపోద్ది. ముందిది మూసీయాల."

బావట!

మగ్దలీన తల తిప్పి అరుగు మీదున్న మొగుడి వైపు చూసింది. నతానియేల్ నవ్వుతున్నాడు. కిడ్నీలు పాడయ్యాక ఆ మొహంలో నవ్వు చూసి ఎన్నాళ్లయిందో!

"డయాలసిస్ సెంటర్లో తెలుసులే" అన్నాడు.

వారానికి రెండుసార్లు అతను తమ ఊరు సుమ్మాదేవి నుంచి ఆటోలో పలాస వెళ్లొస్తాడు. పిల్లలు లేరు, ఇంట్లో ఉన్నది ఇద్దరే. జీడిపప్పు ఫ్యాక్టరీలో పని మానితే ఇల్లు గడవదు కాబట్టి మగ్దలీన తోడు వెళ్లదు.

ఈ బేబి అక్కడ నర్సో, ఆయానో అయి ఉంటుందనుకుంది. మండుటెండలో పొడుగు చేతుల జాకెట్టు, తల్లో మల్లెలు, ఆగని నోరు. చూడగానే ఒళ్లు మండింది.

మర్యాద కోసం గ్లాసుతో నీళ్లిచ్చింది. బేబి పెదాలు తడుపుకుని గ్లాసు కింద పెట్టేసింది.

డాక్టరు మాట ప్రకారం మొగుడికి గుక్కగుక్క కొలిచి ఇచ్చే నీళ్లు. దీనికి నిండుగ్లాసు ఇస్తే వద్దట! మన ఇంటి నీళ్లు పనికిరావు కాబోలు. ఇదీ ఈ ఉద్దానం పల్లెల్లో నీళ్లు తాగి పెరిగిందే కదా, ఎందుకంత బడాయి?

బేబి ఇల్లంతా తనదే అయినట్టు కలియదిరిగింది.

"జీడిపిక్కలు పెరట్లో ఆరబోసీసినారేటక్కా? కుక్కపిల్ల కొరికితే మూతి బొబ్బలెక్కిపోద్ది. డాబా మీదకి ఎక్కించీయండి."

"జీడిపిక్కల గురించి నాకు సెప్పకు."

"అదీ నిజమేనక్కా!" నవ్వేసింది బేబి. "ఆ మూల ఎలకల మందు కూడా తీసీయాల. బావా, సెక్కముక్కుంటే గేటు కింద కొట్టీ."

నతానియేల్ లేచాడు. సుత్తి వెతికాడు. మేకులు వెతికాడు.

వంటింటి తలుపు ఊడి వేలాడుతోందని మగ్దలీన ఏడాదిగా మొత్తుకుంటోంది. ఓపిక లేదన్న మనిషి ఇప్పుడు టకటకా మేకులు కొడుతున్నాడు. పొరుగింటి పుల్లకూర రుచెక్కువ మరి.

బేబి వెళ్లగానే మగ్దలీన మొదలుపెట్టింది.

"కుక్కపిల్ల కావాలని నాకెప్పుడైనా సెప్పినావా? దానికెలా సెప్పినావు?"

"మాటల్లో వచ్చిందిలే."

"మాటలా! ఇంట్లో పలకరిస్తే ఊఁ, ఆఁ. అక్కడ మాటలా!"

నతానియేల్ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆదివారం చర్చిలో కళ్లు మూసుకుంటే మగ్దలీనకు బేబి మొహమే కనిపించింది. 'ప్రభువా, ఆయన కిడ్నీలు బాగుచెయ్యి' అనబోయి, 'ప్రభువా, దాన్ని మళ్లీ మా గేటు తొక్కనీయకు' అని ప్రార్థించింది.

ఆ మర్నాడే బేబి గేటు తోసుకుని వచ్చింది.

"అక్కా, నీ పాత సీర ఒకటియ్యి. కుక్కపిల్ల కింద పరుత్తాను. నీ వాసన అలవాటైతే కొత్తింట్లో ఏడవదు."

"నా సీరెందుకు? మీ బావ లుంగీ పట్టుకెల్లు."

"లుంగీ వద్దక్కా. నీదే కావాల."

ఈరోజు చీర, రేపు మొగుడు! మగ్దలీన ఇక ఆగలేకపోయింది.

"ఒలే, నాకు కళ్లు నేవనుకున్నావేటి? నా మొగుడిని నవ్వించడానికి నాను సచ్చినానేటి? నీ కుక్కా వద్దు, నువ్వూ వద్దు. ఎల్లు!"

బేబి మొహం చిన్నబోయింది. నతానియేల్ ఏదో అనబోతే చేత్తో వారించింది.

"సెప్పొద్దు బావా. మాటిచ్చినావు."

మగ్దలీన వైపు చూసి, "ఎలతానక్కా" అని మెల్లగా రోడ్డెక్కింది.

మగ్దలీనకు హాయిగా అనిపించింది. నిజం చెప్పాలంటే, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది.

తర్వాతి వారం నతానియేల్ ఆటో దిగాడు. చేతుల్లో గోధుమరంగు కుక్కపిల్ల.

"తెచ్చీసినావా! ఆ మహాతల్లి రానేదేటి? మొహం సెల్లనేదా?"

"సచ్చిపోనాది."

మగ్దలీన గేటు దాకా వెళ్లి రోడ్డు వైపు చూసింది.

"వాలమ్మ ఈ పిల్లని సెంటరుకి తెచ్చి నా సేతిలో ఎట్టింది" అన్నాడు నతానియేల్.

"అదేటి... నర్సు కదా?"

"నర్సేటే? నా పక్క మంచం ఆమెది. నాకంటే ముందునుంచీ సేతికి ఆ సూదులు పొడిపించుకునీది. జబ్బు మనిషని జాలిపడతారని ఎవలికీ సెప్పనిచ్చేది కాదు."

అతను కుక్కపిల్లను కింద వదిలాడు. అది తడబడుతూ వచ్చి మగ్దలీన కాలివేళ్లు నాకింది.

ఆమె కాలు వెనక్కి తీసుకోలేదు. కానీ కడుపులో మంట ఇంకా పూర్తిగా చల్లారలేదు.

"పోయే మనిషి... నీకెందుకిచ్చినాది కుక్కపిల్లని?"

నతానియేల్ అరుగు మీద కూలబడ్డాడు.

"నాకెందుకే? నాను పోతే మా మగ్దలీన ఒక్కర్తీ అయిపోద్దని ఆ మంచం మీద ఏడిసీవోడిని. అది ఇని బేబి, తన కుక్క ఈనిన పిల్లల్లో మంచిదాన్ని ఏరి, 'ఇది అక్కకి తోడు బావా' అని నీకోసమే పెంచినాది."