హెచ్చరిక విన్నవాడు

తెర మీద మళ్లీ ఎర్ర గడి లేచింది. ‘జాగ్రత్త. మీ పాస్‌వర్డ్ పాతబడింది. పాతది కొట్టి, కొత్తది పెట్టుకోండి.’

సూపరింటెండెంట్ టీ గ్లాసు పక్కన పెట్టాడు. కళ్లజోడు సర్దుకున్నాడు. పాతది ఒక్కొక్క అక్షరమే కొట్టి, కొత్తది పెట్టి, తృప్తిగా వెనక్కి వాలాడు.

పక్క సీట్లో టైపిస్టు తన తెర మీది గడిని ఈగను తోలినట్టు తోలేసింది.

"అమ్మాయ్, అందులో ఏం రాసుందో ఎప్పుడైనా చదివావా?"

"అది చదువుతూ కూర్చుంటే పనెప్పుడు చెయ్యను గురువుగారూ? పొద్దున లేస్తే ఒకటే నస. దీనికన్నా మా అత్తగారు నయం. మధ్యాహ్నం కాసేపైనా పడుకుంటుంది."

గదంతా గొల్లుమంది. ఆయన నవ్వలేదు. పరీక్షల ప్రశ్నపత్రాలు తయారయ్యేది ఆ గదిలోనే, దాచేది ఆ కంప్యూటర్లలోనే. ఒక్కటి బయటికి పొక్కినా ఎవరిదో ఒకరి ఉద్యోగం ఊడుతుంది.

"నీలాంటివాళ్ల వల్లే కొంపలు మునిగేది," అన్నాడు.

అన్నంత పనీ అయింది. పరీక్షకు ముందురోజే లెక్కల ప్రశ్నపత్రం ఊళ్లో ప్రతి ఫోన్లోనూ తిరిగింది.

పై అధికారి వచ్చి తలుపులు వేయించాడు.

"పోయింది ఈ గదిలోంచే. ఎవరి వల్ల పోయిందో ఇప్పుడే తేలాలి. తేలినవాళ్లు ఇంటికే."

టైపిస్టు లేచి నిలబడింది. "నేనేం చెయ్యలేదు సార్. మా ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే."

"ఏం చెయ్యలేదు. అదేగా నీ తప్పు," సూపరింటెండెంట్ అందుకున్నాడు. "సార్, హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ నేను పాస్‌వర్డ్ మార్చాను. ఏనాడూ బద్ధకించలేదు. ఈ అమ్మాయి ఒక్కసారైనా మార్చిందేమో కనుక్కోండి."

"మార్చలేదు," అంది ఆమె, నేల చూపులు చూస్తూ.

అధికారి పెన్ను తీశాడు.

ఆమెను అంత తేలిగ్గా వదలడం సూపరింటెండెంట్‌కు ఇష్టం లేకపోయింది.

"రాసేముందు కంప్యూటర్ విభాగం వాళ్లను కూడా అడగండి సార్. వాళ్ల హెచ్చరికలు ఎవరు విన్నారో, ఎవరు పెడచెవిన పెట్టారో వాళ్ల నోటితోనే చెబుతారు."

అధికారి ఫోన్ కలిపాడు. అందరికీ వినిపించేలా బల్ల మీద పెట్టి, అదే మాట అడిగాడు.

"హెచ్చరికలా?" అన్నాడు అవతలివాడు.

"మేమింతవరకూ ఎవరికీ ఒక్క హెచ్చరిక కూడా పంపలేదండీ."