దారి తెలిసిన బండి

అప్పటికి కార్లు నడిపే మనుషులు లేరు, కార్లు వాటంతటవే తిరిగేవి. ఏ ఇంట పెరిగిన కారుకు ఆ ఇంటి అలవాట్లే వచ్చేవి. కొత్త కారుకైతే అన్నీ దగ్గరుండి నేర్పుకోవాల్సిందే.

వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళే భర్త ధర్మారావును వెంటబెట్టుకుని సుభాషిణి ఆటోనగర్‌లోని పాత కార్ల షెడ్డుకు వచ్చింది. ఒక తెల్ల కారు ఎక్కి చూశారు. ఎవరూ చెప్పకుండానే అది గుంటల దగ్గర నెమ్మదిస్తూ తిన్నగా డయాలసిస్ సెంటరుకు వెళ్ళి, ఎడమ తలుపు తెరిచి ఆగింది.

"ముందు ఓనరుగారి అలవాటమ్మా," వెంట వచ్చిన షెడ్డు యజమాని నసిగాడు. "ఆయన్ని మూడేళ్ళు తిప్పింది. ఆయన పోయాక ఇంట్లోవాళ్ళు అమ్మేశారు."

ధర్మారావు సీటుకు వీపు ఆనించి, "నా కొలతలు తీసి కుట్టినట్టుంది. ఇదే తీసుకుందాం," అన్నాడు.

"వద్దండీ. కొత్తది కొందాం."

"కొత్తదానికి ఇవన్నీ నేర్పాలంటే ఏడాది పడుతుందట సుభా."

"పట్టనీయండి." ఆమె తెరిచిన తలుపు లాగి మూసేసింది. "ఏడాదంతా మీరే దగ్గరుండి నేర్పుదురుగాని."

షెడ్డుకు తిరిగొచ్చాక ధర్మారావు, ఏ బండి కొన్నా కావాలి కదా అని ఆమె సంచిలో వేసుకొచ్చిన నిమ్మకాయలు తీసుకుని, ఆయాసపడుతూ వంగి, ఆ తెల్ల కారు చక్రాల కిందే పెట్టాడు.

"ఇక కదులు," అన్నాడు.

నిమ్మకాయలు తొక్కుకుంటూ రావాల్సిన కారు, ఆయన మెల్లగా లేచి పక్కకు జరిగేదాకా కదల్లేదు. ఎంతసేపు ఆగాలో దానికి బాగా తెలుసు.