తేలికైన సంచి

యంత్రం మోగుతూనే ఉంది. గొట్టం నిండా గాలి బిగిసి ఉంది. ఇమామ్ మాత్రం మీట నొక్కలేదు. చేతిలోని నాజిల్‌ను నేలమీద పెట్టి, తలమీది ముసుగు తీసి, మెల్లగా సంచి దగ్గరికి నడిచి, దాన్ని మళ్లీ లేపి చూశాడు.

బద్వేలు పొలిమేరలోని ఆ బయల్లో పాత కాలువ గేటు ఒకటి పడుకోబెట్టి ఉంది. గాలి వేగంతో రాతిపొడిని కొట్టి దాని తుప్పంతా రాల్చి, ఇనుమును తెల్లగా తేల్చాలి. తేలిన ఇనుము గాలికి తుప్పు పట్టకుండా ఎంతోసేపు నిలవదు. ఆ పూటే పూత పడాలి. పూత వేసేవాళ్లు ముగ్గురు డబ్బాలు ముందు పెట్టుకుని, ఎండలోకి చూస్తూ కూర్చున్నారు.

"ఏమప్పా, ఏమొచ్చింది?" గొడుగు కిందినుంచి అడిగాడు కాంట్రాక్టరు శివశంకర్.

"సంచి తేలిగ్గా ఉండాదన్నా."

"ఉంటే మంచిదే గదా. నడుము నొప్పి తప్పుతాది."

కంప్రెసర్ దగ్గర నిలబడిన రంగస్వామి నవ్వాడు. ఇమామ్ నవ్వలేదు. గార్నెట్ రాతిపొడి సంచిని ఒంటిచేత్తో లేపడం అతనికి ఎన్నడూ సాధ్యం కాలేదు. ఈ సంచి లేచింది.

"ఏంతో కొట్టాలనేది ముందే మాట్లాడుకుంటిమి గదన్నా. ఉక్కు రవ్వ ఈ బయల్లో చల్లితే మళ్లా ఏరుకోలేమంటివి. సరే అంటిని. రాగి చిట్టెం దొరకలేదంటివి. దానికీ సరే అంటిని. ఇసుక ఒక్కటి నాచేత పట్టించొద్దంటే, గార్నెట్టే తెప్పిస్తానని మాటిస్తివి."

"తెప్పిస్తి గదా. ఎర్రగా కనపడలే? కండ్లు గిన పోయినాయా నీకు?"

ఇమామ్ పక్కనున్న నీళ్ల పీపా దగ్గరికి వెళ్లాడు. రంగస్వామి తాగే గ్లాసులో నీళ్లు ముంచుకొచ్చాడు. సంచిలోంచి పిడికెడు తీసి అందులో వేశాడు. వేలితో తిప్పాడు. అందరూ వంగి చూశారు. నీళ్లు ఎర్రబడ్డాయి. ఎరుపు విడిచిన గింజలు అడుగున తెల్లగా మెరిశాయి.

"జాజు," అన్నాడు రంగస్వామి. గోడల అంచులకు పూసే ఆ ఎర్రమన్నును అక్కడ గుర్తుపట్టనివారు లేరు. "తెల్లనివన్నీ పాలు కాదంటారు. ఎర్రనివన్నీ గార్నెట్ గూడా కాదన్నమాట."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇసుక ఇనుమును తాకి పగిలితే పొగవంటి ధూళి లేస్తుంది. అందులో కంటికి ఆననిదే ప్రాణానికి ఎసరు. బట్ట ముసుగు దాన్ని ఆపలేదు. ఊపిరితిత్తుల్లో చేరి, అక్కడే రాయిలా స్థిరపడుతుంది. ఇమామ్‌కు ఈ పని నేర్పిన ఏసన్న ఇప్పుడు మంచం నుంచి గుమ్మం దాకా రావడానికి రెండుసార్లు కూర్చుని లేస్తాడు.

శివశంకర్ గొడుగు మూసి దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"ఇమామూ, ఇనుముకు తెలుస్తాదా ఏందో తగిలింది? తుప్పు రాలితే సాలు. ఈ ఒక్క గేటే. ఒక పూటకు ఎవురన్నా సస్తారా?"

"ఏసన్న గూడా ఒక పూట, ఒక పూట అనే కొట్టినాడు."

"నువ్వు కాదంటే పోరుమామిళ్ల నుంచి ఇంకోడొస్తాడు. గంటలో ఈడుంటాడు."

ఆ మాట ఇమామ్‌ను ఉన్నచోటే ఆపేసింది. ఆ వచ్చేవాడికి ఏ ఏసన్నా తెలిసి ఉండడు. ఎర్రగా ఉంది కదా అని సంచి విప్పుతాడు; ముక్కుకు తువాలు చుట్టుకుని మీట నొక్కుతాడు.

ఇమామ్ వంగి, గొట్టాలు కోసే కత్తి తీశాడు.

"ఏం జేస్తాండావు?" శివశంకర్ రెండడుగులు వెనక్కి వేశాడు.

కత్తి మొదటి సంచి కడుపులో దిగింది. తరువాత రెండో సంచి. తరువాత మూడోది. ఇసుక బుసబుస నేలకు జారింది. నీళ్ల పీపాను ఇమామ్ కాలితో తన్నాడు. నీళ్లు ఇసుకను ముంచాయి, ఎర్రటి బురద గేటు చుట్టూ పరుచుకుంది. తడిసిన ఇసుక యంత్రంలోకి పోదు. పోరుమామిళ్ల నుంచి వచ్చేవాడికి ఇక అక్కడ పని లేదు.

"ఈ చుట్టుపక్కల నీకు యాడా పని దొరకదు. గెవనం పెట్టుకో," అన్నాడు శివశంకర్, పళ్లు బిగబట్టి.

"ఊపిరుంటే యాడన్నా దొరుకుతాది లేన్నా."

రంగస్వామి యంత్రం ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో ఇమామ్ తన మోటారు సైకిల్ దాకా నడిచి వెళ్లాడు. చాలా రోజుల తరువాత గుండె తేలికగా కొట్టుకుంటోంది. తాను బతికాడు. ముఖం తెలియని ఇంకొకడినీ బతికించాడు.

ఇంటి ముందు అరుగు మీద భార్య షమా బియ్యం చెరుగుతోంది. పొద్దుండగానే వచ్చిన మొగుడిని చూసి చేట పక్కన పెట్టింది.

"ఏమైంది?"

"పని వదిలేసి వచ్చినా. ఇంక పిలవరు."

ఎందుకని ఆమె అడగలేదు. అతని ముఖం చూసింది, లోపలికి వెళ్లి నీళ్లు తెచ్చి ఇచ్చింది, పక్కనే కూర్చుంది.

"దిగులు పడొద్దు. నువ్వు వద్దంటావని చెప్పలేదు గానీ, నువ్వు పోయినంక నేనూ పనికి పోతాండా. నెల కావస్తాంది. మీ శివశంకరన్న గోడౌన్లోనే, ఆడోళ్లం ఆరుమందిమి."

ఇమామ్ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఏం పని?"

"శానా సులువు. ఇసుక జల్లించి జాజు కలపడమే. తలుపులు మూసి చేయిస్తారు, పక్కనున్న మనిషి గూడా కనపడనంత ధూళి. ముక్కుకు గుడ్డ కట్టుకోండని మాతో చేసే జీవమ్మ అంటే, వట్టి ఇసుకే గదా, ఏమైతాదని అందరం నగినాం."