నీళ్లెక్కడికి పోతాయి?

పిల్లల కాళ్లకు బురదంటితే కుందేలుకు ఒళ్లు మండేది. అందుకే బొరియ ముందు తుంగ మొలిచిన గుంటను పూడ్చేసి, వాకిలంతా నాపరాళ్లు పరిచింది.

"అది వాననీళ్లు ఇంకే గుంట నాయనా! పూడిస్తే నీళ్లెక్కడికి పోతాయి?" అని ముసలి కప్ప మొత్తుకుంది.

"ఎక్కడికో పోతాయిలే అవ్వా. వాకిలి అద్దంలా ఉంది, అది చూడు!" అంది కుందేలు.

కప్ప తడి వెతుక్కుంటూ వెళ్లిపోయింది.

పిల్లల్ని బొరియలో పడుకోబెట్టి ఆలుమగలు మేతకెళ్లిన పూట కుండపోతగా వాన కురిసింది. రాళ్ల మీద ఒక్క చుక్కా ఇంకలేదు. నీళ్లన్నీ జారి నేరుగా బొరియలోకి దూరాయి.

పరుగున వచ్చేసరికి బొరియ నిండిపోయి ఉంది.

"మన పిల్లలెక్కడికి పోయారయ్యా?" అని ఆడకుందేలు గుండెలు బాదుకుంది.

కుందేలు నోటిదాకా 'ఎక్కడికో' అన్న ఒకే ఒక్క మాట వచ్చింది. దాన్ని మింగేసి, అద్దంలా మెరుస్తున్న వాకిట్లో కూలబడింది.